రెండు తెరలు – ఒకే వంతెన

మన కళాశాల వార్షిక సంచిక రెండు ముఖాలతో వెలువడుతుందన్న సంగతి పాఠకులకు తెలిసినదే. తెలుగు అట్ట తిప్పినవారు ఎడమనుండి కుడికి, ఉర్దూ అట్ట తిప్పినవారు కుడినుండి ఎడమకు చదువుకుంటూ పోతే, ఇరువురూ సంచిక నడుమ ఒకచోట కలుసుకుంటారు. ఆ కలుసుకొనే చోటును కుదర్చడం ఎంత కష్టమో ఈ సంవత్సరం నాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. అయితే ఆ పాఠం నేర్పినది సంచిక కాదు, సంచిక గదిలోని కంప్యూటర్.

ఆ గదిలో ఒక కంప్యూటరుకు రెండు మానిటర్లు ఉన్నాయి. తెలుగు పుటను, ఉర్దూ పుటను పక్కపక్కన చూచుకొని సరిదిద్దుకొనుటకై ఆ ఏర్పాటు. ఎడమవైపుది పాతది, 19 అంగుళాల, దాదాపు చతురస్రంగా కనబడే తెర. కుడివైపుది కొత్తది, 24 అంగుళాల వెడల్పాటి తెర. వాడుకలో ఎడమది ‘మా తెర’, కుడిది ‘మీ తెర’ అయ్యాయి. ఉర్దూ విభాగపు సంపాదకుడు నా సహాధ్యాయి. మూడేండ్లుగా ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం.

సంచిక ఆవిష్కరణ రోజున కమిటీ పెద్దలు గదిని చూడవస్తారని తెలిసింది. రెండు తెరలమీద ఒకే చిత్రం పరచి ఉంచితే బాగుంటుందని నాకు తోచింది. అందుకు నేను ఎన్నుకున్నది మూసీనదిపై గల పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన వంతెన అది. ఆ ప్రభువును తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకున్నారు; అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. రెండు భాషల సంచికకు ఇంతకన్న తగిన చిత్రమేమున్నదని నేను సంబరపడ్డాను. ఒక ఉదయం స్వయంగా వెళ్ళి ఫోనుతో ఛాయాచిత్రం తీసుకొని వచ్చాను.

తెరమీది నేపథ్య చిత్రాన్ని రెండు మానిటర్లకు కలిపి పరచే ‘స్పాన్’ అనే సదుపాయం 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఉన్నది. పాత తెరలో అడ్డముగా 1280, నిలువున 1024 పిక్సెళ్ళు, అనగా వెలుగు చుక్కలు ఉంటాయి. కొత్త తెరలో అడ్డముగా 1920, నిలువున 1080. వెడల్పులు రెండూ కూడితే 3200. ఆ లెక్కకు సరిపోవునట్లు చిత్రాన్ని కత్తిరించి పరచాను.

వంతెన విరిగింది.

ఉర్దూ తెరమీద పిట్టగోడ ఒక ఎత్తున వచ్చి, చట్రం దాటి తెలుగు తెరమీదికి వచ్చేసరికి ఒక సెంటీమీటరుకు పైగా కిందికి దిగిపోయింది. మధ్య కమాను చట్రం దగ్గర సాగదీసినట్లు అయింది. మానిటర్ల కింద పాత సంచికల కట్టలు పెట్టి ఎత్తు సరిచేసినది నా మిత్రుడు. తప్పు అక్కడే ఉన్నదనుకున్నాను. మొదటి సంవత్సరం విద్యార్థులు నలుగురు చూస్తుండగా, “మీ తెర ఎత్తుగా పెట్టావు. చేతకాని పని ముట్టుకోకూడదు” అన్నాను.

అతడు బదులు చెప్పలేదు. తన కాగితాలు సర్దుకొని వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఉర్దూ పుటలు పన్నెండు దిద్దవలసినవి అలాగే మిగిలిపోయాయి.

ఒంటరిగా కూర్చొని నేను చేయని ప్రయత్నం లేదు. డిస్‌ప్లే సెట్టింగులలో రెండు మానిటర్లకు గుర్తుగా రెండు పెట్టెలు కనబడతాయి. వాటిని మౌసుతో పట్టి పైకీ కిందికీ జరపవచ్చు. అలా జరిపి పిట్టగోడను కలిపితే, దిగువన నీటి అంచు విడిపోయింది. నీటి అంచు కలిపితే పిట్టగోడ విడిపోయింది. ఒకచోట అతికితే మరొకచోట విరుగుతున్నది. తెరల ఎత్తు మాత్రమే తేడా అయితే అన్నిచోట్లా ఒకే విధంగా తప్పాలి గదా! నేను మిత్రునిపై వేసిన నింద నిరాధారమని అప్పుడు అర్థమైంది. కాని అసలు కారణం మాత్రం బోధపడలేదు.

మూడవనాటి సాయంకాలం అతని ఇంటికి బయలుదేరాను. వాళ్ళ నాన్నగారికి ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణమున్నది. అతడు అక్కడే అద్దాలు తుడుస్తూ కనబడ్డాడు. “భాయ్, తప్పు నాది. పిల్లల ఎదుట అనరాని మాట అన్నాను” అన్నాను. అతడు తల ఎత్తలేదు. పెద్దాయన స్టూలు చూపించి కూర్చోమన్నారు. నేను జరిగినదంతా చెప్పాను.

“తెరల కొలత ఎంత బేటా?” అని ఆయన అడిగారు.

“ఒకటి 1280, ఒకటి 1920, చాచా.”

“అవి చుక్కలు. నేను అడిగినది కొలత. టేపు పెట్టి చూశావా?”

చూడలేదు. మూడు రోజులు లెక్కలు కట్టినవాణ్ణి, ఒక్కసారి టేపు పట్టలేదు. ఆయన చేతిలో ఉన్న ఒక ఫోటోను ఫ్రేములో అమర్చుతూ మరొక మాట అన్నారు. “ఫ్రేము కడితే అంచున కొంత బొమ్మ కర్ర కింద పోవలసిందే. అదీ కనబడాలని పైకి లాగితే బొమ్మ నిలవదు. కర్ర కింద ఉన్నంత మాత్రాన అది లేకుండా పోయినట్టు కాదు.”

మా మిత్రుడు లేచి, గోడకు తగిలించిన టేపు తీసుకొని, “పద” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

గదికి వచ్చి కొలిచాము. పాత తెర వెలుగు భాగం వెడల్పు 37.6, ఎత్తు 30.1 సెంటీమీటర్లు. కొత్త తెర వెడల్పు 53.1, ఎత్తు 29.9. ఎత్తులో రెండూ దాదాపు సమానమే! అతడు రెండు తెరల పై అంచులను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిపి ఉంచాడు. తేడా అంతా చుక్కలలో ఉన్నది. ఒక సెంటీమీటరు మేర కొత్త తెరలో 36 చుక్కలు ఇముడుతుంటే, పాత తెరలో 34 మాత్రమే ఇముడుతున్నవి. యంత్రం తెరను సెంటీమీటర్లలో ఎరుగదు, చుక్కలనే ఎరుగును. పైనుండి 650వ చుక్క కొత్త తెరలో 18 సెంటీమీటర్ల దగ్గర వస్తే, పాత తెరలో 19 దాటి వస్తుంది. కిందికి పోయినకొద్దీ ఆ ఎడం పెరుగుతుంది. ఇక రెండు తెరల చట్రాలు కలిసి మధ్యన 3.3 సెంటీమీటర్లు. ఆ చోటు ఉన్నట్లు లెక్కించకపోవడం వల్లనే కమాను సాగినట్లు కనబడింది.

రోగం తెలిసిన పిదప చికిత్స సులభమే. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో మూల చిత్రాన్ని తిరిగి 3400 చుక్కల వెడల్పు, 1088 ఎత్తు ఉండునట్లు కత్తిరించాము. దానిని నిలువుగా మూడు ముక్కలు చేశాము. ఎడమ ముక్క 1360. దానిని 1280 వెడల్పు, 1024 ఎత్తుకు కుదించి పాత తెరకిచ్చాము. కుడి ముక్క 1920. దిగువన 8 వరుసలు మాత్రం తీసివేసి, ఉన్నదున్నట్లు కొత్త తెరకిచ్చాము. నడుమ మిగిలిన 120 చుక్కల ముక్క, చట్రాల మందానికి సరియైనది, పక్కన పెట్టివేశాము. పిదప ‘స్పాన్’ వదలి, చిత్రం గుర్తుపై మౌసు కుడిమీట నొక్కి ఏ ముక్క ఏ మానిటరుకో విడివిడిగా చెప్పాము.

మిత్రుడు ఒక దారం తీసి రెండు తెరలకూ అడ్డంగా పట్టాడు. పిట్టగోడ దారం వెంట ఈ చివరినుండి ఆ చివరిదాకా సాగింది. నీటి అంచు కలిసింది. కమాను చట్రం వెనుకగా వంగి ఆవలికి దిగింది. కిటికీ చువ్వల వెనుక వీధి కనబడినట్లు, వంతెన మా గది బయట ఉన్నట్లే తోచింది. ఒక లోపం మాత్రం మిగిలిపోయింది. మౌసు బాణం ఒక తెరనుండి మరొక తెరకు దాటునప్పుడు ఇప్పటికీ కొంచెం ఎగిరిపడుతుంది. అది చుక్కల లెక్కనే నడచును గనుక, దానికి మా వద్ద మందు లేదు.

ఆ రాత్రి పదకొండు గంటలవరకు కూర్చొని పన్నెండు ఉర్దూ పుటలూ పూర్తి చేశాము. అతడు చదువుతుంటే నేను అంకెలు, శీర్షికలు సరిచూశాను. మరునాడు ఆ నలుగురు మొదటి సంవత్సరం విద్యార్థులను పిలిచి, తెరల ఎత్తు మొదటినుండీ సరిగానే ఉన్నదని, కొలవకుండా మాట్లాడినవాణ్ణి నేనని చెప్పాను. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనుకకు తీసుకోవాలి గదా.

సోదర విద్యార్థులారా, రెండు తెరలను ఒకే అంకెతో కొలిస్తే రెండింటికీ న్యాయం జరగదు. దేని కొలత దానికిచ్చినప్పుడే గీత కలుస్తుంది. కలిసేచోట ఇరువైపులా కొంత వదులుకొనక తప్పదు. ఇది నా పాండిత్యం కాదు. ఫ్రేములు కట్టే ఒక పెద్దమనిషి నాకు పెట్టిన భిక్ష.

ఆవిష్కరణ రోజున కమిటీ పెద్దలలో ఒకరు తెరల ఎదుట చాలాసేపు నిలబడి, “మధ్యలో ఒక స్తంభం సగమే కనబడుతున్నదే, మిగిలినదేదీ?” అని అడిగారు.

నేను నోరు తెరిచేలోగా మా మిత్రుడు, “చట్రం వెనుక ఉన్నది సార్” అన్నాడు.