జాతకం కాదు, ఎక్స్‌రే

కొన్నాళ్లుగా ఒక పీత నా బుర్రలోంచి పోవడం లేదు.

యూరప్ తీరాల్లో రాళ్ల మధ్య తిరిగే మామూలు ఆకుపచ్చ పీత అది. దాన్ని పట్టే పరాన్నజీవి పేరు సాక్యులైనా. పడవల అడుగున అతుక్కుని పెరిగే బార్నకిల్స్‌కి చుట్టమే, కానీ పెరిగాక దీనికి పెంకూ ఉండదు, కాళ్లూ ఉండవు. కంటికి సరిగా ఆనని ఒక లార్వా వచ్చి పీత ఒంట్లోకి కొన్ని కణాల్ని ఎక్కిస్తుంది. అవి చెట్టు వేళ్లలా లోపలంతా పాకుతాయి. పీత ఎదుగుదల ఆగిపోతుంది, పిల్లల్ని కనే శక్తి పోతుంది. కొంతకాలానికి పొట్ట కింద, సరిగ్గా ఆడపీత గుడ్లు మోసే చోట, ఒక సంచి బయటికొస్తుంది. అందులో ఉన్నవి పరాన్నజీవి గుడ్లు. పీత వాటిని తన గుడ్లే అన్నట్టు శుభ్రం చేస్తుంది, కాపాడుతుంది.

ఇది మగపీతకి పట్టినా అంతే. దాని పొట్టభాగం ఆడపీతకున్నట్టు వెడల్పవుతుంది. జన్మలో గుడ్లు మోయాల్సిన పని లేని ఆ ప్రాణి సంచిని సాకుతుంది. టైమొచ్చాక, తల్లిపీతలు పిల్లల్ని నీళ్లలోకి వదిలేటప్పుడు చేసినట్టే ఒళ్లు పైకీ కిందకీ ఊపుతూ, ముందుకాళ్లతో నీళ్లు కదుపుతూ ఎవరి పిల్లల్నో సాగనంపుతుంది.

అమెరికాలో పదమూడేళ్లకో పదిహేడేళ్లకో ఒకసారి నేల్లోంచి బయటికొచ్చే సికాడాలున్నాయి, మన కీచురాళ్లలా రొద చేసేవి. వాటికి మాసోస్పోరా అనే బూజు పడుతుంది. వెనక భాగం ఊడిపోయి అక్కడ తెల్లటి పొడి ముద్ద మిగులుతుంది. అయినా అవి జతకోసం తిరగడం మానవు. పైగా బూజు పట్టిన మగవి ఆడవాటిలా రెక్కలు విదిలించి వేరే మగవాటిని కూడా రప్పించుకుంటాయి. వచ్చినవాటికీ బూజు అంటుకుంటుంది.

ఇలాంటివి చదివినప్పుడు "నా ఇష్టం" అనే మాట మీద కాస్త నమ్మకం సడలుతుంది.

ఇదే కథకి ఇంకో వైపుంది. 1982లో విలియం హామిల్టన్, మార్లీన్ జుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఒక ఊహ ప్రకటించారు. పక్షుల మెరిసే ఈకలూ రంగులూ ఊరికే సింగారం కాదు, ఒంట్లో రోగం లేదని చూపించే సర్టిఫికెట్ లాంటివి అని. తర్వాత జుక్ బృందం అడవికోళ్ల మీద పరీక్షించి చూసింది. మన ఊళ్లలో పెంచే నాటుకోళ్లకి మూలపురుషులు అవే. పిల్లలుగా ఉన్నప్పుడే కొన్నిటికి పేగుపురుగులు ఎక్కించి పెంచితే, ఆ పుంజుల తురాయి చిన్నగా, రంగు తగ్గి పెరిగింది. పెట్టలు ఎక్కువగా పురుగుల్లేని పుంజుల వైపే వెళ్లాయి. ఆ తర్వాత వేరే జంతువుల మీద జరిగిన పరిశోధనలన్నీ ఈ ఊహని ఒకేలా బలపరచలేదు. కానీ కోళ్ల వరకూ లెక్క బాగానే కుదిరింది.

ఇది చదివాక నాకు మా అక్క గుర్తొచ్చింది. హామిల్టన్ లాంటివాళ్లు పరాన్నజీవి అనే మాటని పురుగులతో ఆపలేదు, బాక్టీరియానీ వైరస్‌లనీ కూడా కలిపే వాడారు. ఆ లెక్కన క్షయ కూడా ఈ కథలోదే. అక్కకి డిగ్రీ రెండో ఏడాదిలో టీబీ వచ్చింది. ఆరు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా మందులు వేసుకుంది. తగ్గిపోయింది. ఇంటికొచ్చినవాళ్లకి మాత్రం అమ్మ "టైఫాయిడ్" అనే చెప్పేది. ఎక్స్‌రే కవరు బీరువాలో పట్టుచీరల కిందకి చేరింది.

ఐదేళ్ల తర్వాత ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. అబ్బాయికి అక్క నచ్చింది, అక్కకీ నచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు, వారం తిరక్కుండానే ఫోనొచ్చింది, జాతకాలు కలవలేదని. అక్క నవ్వి, "జాతకం కాదే, ఎక్స్‌రే కలవలేదు" అంది నాతో. ఆ నవ్వు చూళ్లేకపోయాను.

సంబంధాలు చూసేవాళ్లు ఆరోగ్యం చూడరా అని ఎవరైనా అనొచ్చు. కోడిపెట్టే చూస్తుంది కదా. నిజమే, కానీ పెట్ట కళ్లముందున్న తురాయిని చూస్తుంది. దానికి పుంజు పాత ఫైలు అక్కర్లేదు. మా అక్క ఒంట్లో ఆరోజు రోగమేమీ లేదు. బాక్టీరియా పోయి ఐదేళ్లయినా దాని పేరు మిగిలి, ఎవరు ఎవర్ని చేసుకోవాలో నిర్ణయించింది. ఏ పీతలోనూ ఏ కోడిలోనూ ఇంత దూరం వచ్చిన పరాన్నజీవి గురించి నేను చదవలేదు. మందుకి చచ్చాక కూడా పని చేసింది. అమ్మ దాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, ఇన్నేళ్లూ సాకింది. అమ్మ మీద నాకు కోపం లేదు. ఆ భయాన్ని ఆమెలోకి ఎక్కించిన వాళ్ల లెక్క తీస్తే పెద్దమ్మల దగ్గర మొదలై కాలనీ దాకా పోతుంది.

ఇక మీదట వచ్చేవాళ్లకి తనే ముందు చెప్పేస్తానంది అక్క. అమ్మ రెండ్రోజులు సరిగా అన్నం తినలేదు. మూడోరోజు బీరువా తెరిచి కవరు తీసి అక్క చేతికిచ్చింది. "చెబితే చెప్పావు గానీ, మొదటి ఎక్స్‌రే కాదు, తగ్గాక తీసింది చూపించు" అంది.