షోకేసులో ముఖాలు

బరంపురం, 4 మే 2025, ఆదివారం

పొద్దున షాపు తీస్తూండగా ఒకమ్మాయి వచ్చి షోకేసు ముందు ఆగిపోయింది. అద్దం వెనక ఫోటోలో ఉన్న పెళ్లికూతురు ఆమే. మూడేళ్ల కిందట నేనే తీశాను. మన ఊరి పట్టుచీర, అంచున రంపపు పళ్లలా ఫొడా కుంభాల నేత, మెడలో కాసులపేరు. ఆ ఫోటో చూసి ఛత్రపురం నుంచి కూడా పెళ్లి ఫోటోల బేరాలొచ్చాయి.

“బాబాయిగారూ, అది తీసేస్తారా?” అంది. ఆ పెళ్లి నిలవలేదట. “అమ్మ ఈ వీధిలోకి రావడమే మానేసింది.”

నాకు నోట మాట రాలేదు. కొక్కెం నుంచి తీసి ఫ్రేముతో సహా చేతిలో పెట్టాను. పడమటి ఎండకి ఒక చెంప వెలిసిపోయింది. వెనక వెల్వెట్ గుడ్డ మాత్రం ఫోటో ఉన్నంత మేర ఇంకా ముదురెరుపే. షోకేసులో పెట్టేముందు ఆ పిల్లని ఒక్క మాట అడగలేదు. బాగా వచ్చింది కదా, సంతోషిస్తారులే అనుకున్నాను.

7 మే, బుధవారం

అసలు ఆ ఫోటో ఎవరిదని మా ప్లీడరు స్నేహితుణ్ని అడిగాను. 1957 కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్ చదివి వినిపించాడు. డబ్బు తీసుకుని తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదార్లు. ఇన్నేళ్లూ నెగెటివ్ నాది కాబట్టి ఫోటో నాదే అనుకున్నాను. 1888లోనే ఇంగ్లండులో ఒకావిడ ఫోటోని స్టూడియోవాళ్లు క్రిస్మస్ కార్డుగా చేసి షాపులో పెడితే కోర్టు ఆపించిందట.

“డబ్బు కట్టింది తండ్రి. ముఖం కూతురిది. ఎవర్ని అడగాలిరా?” అన్నాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చిన సంగతి చెప్పాడు. నాకు తోచిన న్యాయం ఒకటే. తండ్రి సంతకం చాలదు, ఆ పిల్లనే అడగాలి.

11 మే, ఆదివారం

రసీదు పుస్తకం కొత్తగా అచ్చు వేయించాను. అడుగున ఒక గడి, తెలుగులోనూ ఒడియాలోనూ: “నా ఫోటో షోకేసులో, ఫేస్‌బుక్కులో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చు. వద్దన్నరోజు తీసేయాలి.” ఫోటోలో ఉన్న మనిషే సంతకం చేయాలి. ఖాళీగా వదిలేస్తే వద్దన్నట్టే. బిల్లులో తేడా ఉండదు.

ఫోనులో పెట్టినవి మా అబ్బాయి చేత తీయించాను. షోకేసులోదైతే చెయ్యి చాపితే వచ్చేస్తుంది. ఫోనులో పెట్టినది ఎవరెవరు దాచుకున్నారో, ఎవరి ఫ్లెక్సీ మీదికి ఎక్కిందో నా చేతిలో లేదు. అందుకే అడగడమన్నది పెట్టకముందే జరగాలి.

షోకేసులో మిగిలిన పదిమందికీ ఫోన్లు చేశాను. అయిదుగురు సంతోషంగా సరేనన్నారు. ముగ్గురు వద్దన్నారు. ఇద్దరు దొరకలేదు, వాళ్లవీ దించేశాను.

ఈ రాత్రి షోకేసులో అయిదు ఫోటోలున్నాయి. అయిదూ అడిగి పెట్టినవే.