పట్టికకెక్కని యాట

ఆట ముగిసిన పిమ్మట ఆటగాండ్ర గుణదోషములను విచారించుట మనుష్యులకు ఆటకంటెను ప్రియమైన వినోదము. ఆడువారు పదిమంది యైనచో తీర్పరులు పదివేలమంది. ఒకని కీర్తియు, మఱియొకని యపకీర్తియు గడియలో నిర్ణయమగును. న్యాయస్థానమునందు దొంగకైనను తన పక్షము చెప్పుకొన నవకాశము గలదు. ఆటగానికి అదియును లేదు. ఈ విషయమున మేము స్వయముగా నొక తప్పు చేసి, దాని ఫలమును కన్నులార చూచినవారము. కావుననే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా పాఠశాల హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునుండి నడచి పోదగిన దూరమున నున్నది. ఆవరణము చిన్నది, క్రికెట్టునకు చాలదు. ఈ చివర నొకటి, ఆ చివర నొకటి ఇనుప స్తంభములు నాటి వానికి వలయములు బిగించినారు. బాస్కెట్‌బాల్ ఆటకు ఆ మాత్రము స్థలము చాలును. అమెరికాలో రాత్రివేళ జరుగు వృత్తిజట్ల పోటీలు మనకు తెల్లవారుజామున సెల్‌ఫోనులలో వచ్చును. మా పై తరగతుల బాలురు కొందఱు వానిని చూచివచ్చి, ప్రార్థన గంట మ్రోగకముందే తీర్పులు చెప్పుచుందురు. ఒకనాడు వారి నడుమ నిలిచి, ఆ యుదయపు టాటలో ఎవరు బాగుగా ఆడిరని యడిగితిమి.

"ముప్పయెనిమిది కొట్టిండు సార్, ఇంకేం గావాలె?" అని యొకడు తన యభిమాన క్రీడాకారుని పేరు చెప్పెను.

తక్కిన నలుగురి మాట యేమని యడిగితిమి.

"వాళ్లు ఉన్నరు సార్, అంతే."

"ఉన్నరు, అంతే" అను ఆ మాట దినమంతయు మా చెవులలో మ్రోగుచుండెను. ఏలననగా, మూడేండ్లకు ముందు ఆ మాటనే మేము ఎఱ్ఱసిరాతో వ్రాసియుంటిమి.

అప్పుడు మా జట్టునకును మఱియొక పాఠశాల జట్టునకును పోటీ జరిగెను. మొదటి సగము ముగియునప్పటికి వారికి 20 పాయింట్లు, మావారికి 13. వారి జట్టులో నొక పొడగరి బాలుడు ఒక్కడే 12 పాయింట్లు చేసియుండెను. మా వ్యాయామోపాధ్యాయుడు రెండవ సగమున తొమ్మిదవ తరగతి బాలు నొకనిని దింపి, ఆ పొడగరిని విడువక కాచుకొమ్మని చెప్పెను. తుదకు లెక్క 31కి 29, గెలుపు మాది. మా జట్టున నొక బాలుడు 17 పాయింట్లు చేసినాడు. పట్టిక వ్రాసినవారము మేమే. మఱునాడు ప్రార్థనాసమయమున ఆ పదునేడు పాయింట్ల బాలుని ముందునకు పిలిచి, పొగడి, ఒక పుస్తకమును బహూకరించితిమి. పట్టికను గోడమీది ప్రకటనల పలకపై అంటించితిమి. ఆ తొమ్మిదవ తరగతి బాలుని పేరున కెదురుగా సున్న యుండెను. అంతటితో ఊరకుండక, దాని ప్రక్కన "ఇంకను శ్రమింపవలెను" అని వ్రాసితిమి. ఇరువది యేండ్లు పరీక్షాపత్రములు దిద్దిన చేతికి అది యలవాటు.

తరువాత ఆ బాలుడు సాయంకాలపు టాటకు రాలేదు. మేము దానిని గమనింపనైనను లేదు. కొన్ని నెలలకు అతని తండ్రి యేదో ధ్రువపత్రము కొఱకు మాకడకు వచ్చెను. ఆయన లాడ్ బజారున నొక గాజుల దుకాణమున పనిచేయువాడు. మాటల నడుమ బాలుని క్షేమ మడిగితిమి.

"సాయంత్రాలు దుకాణానికే వస్తున్నడు సార్. ఆట ఇడిశిపెట్టిండు. సున్నా వచ్చిందంట గదా" అని ఆయన చెప్పెను.

ఆ మాటలో నిందలేదు. సున్న వచ్చినవాడు మానుకొనుట న్యాయమేయని ఆయనయు నమ్మియుండెను. అదియే మమ్ము ఎక్కువగా బాధించినది.

ఆ సాయంకాలము లాడ్ బజారునకు పోతిమి. బాలుడు గాజులను కొలతలవారిగా ఏర్చి పెట్టెలలో సర్దుచుండెను. ఆనాటి యాటలో ఏమి చేసితివని యడిగితిమి. మొదట సిగ్గుపడి, పిమ్మట చేతులతో చూపుచు చెప్పెను: "ఆ పొడుగోనికి ఎడమ చెయ్యి రాదు సార్. ముందుసగం బయట కూసోని అదే చూసిన. లోపలికి పోయినంక వాన్ని ఎడమదిక్కే తోలిన. కుడిదిక్కు తిరగనియ్యలే."

ఇంటికి వచ్చి పాత పట్టికను తీసి చూచితిమి. రెండవ సగమున ఆ పొడగరికి వచ్చినవి 2 పాయింట్లు మాత్రమే. వారి జట్టునకంతకును 9, మావారికి 18. ఈ బాలుడు నిలిచిన కాలమున మా జట్టు తొమ్మిది పాయింట్లు మిగుల్చుకొనెను. అతడు దిగకముందు ఏడు పాయింట్లు వెనుకబడియుండెను. లెక్కలన్నియు మా చేతివ్రాతలోనే యున్నవి. మేము బంతి వెంట చూచితిమి గాని మనిషిని చూడలేదు.

తిరిగి ఆటకు రమ్మని యడిగియుంటిమి. "పదో తరగతి పరీక్షలైనంక సూస్త సార్" అని మర్యాదగా చెప్పినాడు. రాలేదు. పొగడ్త పొందిన బాలునికిని మేము మేలు చేయలేదు. అతడు ఆ పుస్తకము పుచ్చుకొన్న నాటినుండి తోటివారికి బంతి నిచ్చుట తగ్గించెను. బంతి చేతికి వచ్చిన ప్రతిపర్యాయమును వలయమువైపే విసరుచుండెను. ఒక్క పట్టిక యిద్దఱిని చెఱచినది.

ఇది మా యొక్కరి యవివేకమే యనుకొని కొంత చరిత్ర చదివితిమి. బాస్కెట్‌బాల్ ఆటను 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున కల్పించిన జేమ్స్ నైస్మిత్ వ్యాయామోపాధ్యాయుడు; మా వృత్తివాడే. ఆయన పీచు పండ్ల బుట్టలను ఎత్తున బిగించి ఆడించెను. బుట్టలో పడిన బంతులను లెక్కించుట సులభము. పడకుండ నాపిన బంతులను లెక్కించుట కష్టము. ఈ సులభమైన లెక్కయే చాలకాలము రాజ్యమేలినది. 1962 మార్చి 2వ తేదీన హెర్షీ పట్టణమున విల్ట్ చాంబర్లెయిన్ ఒక్క యాటలో 100 పాయింట్లు చేసెను. ఆయన జట్టు 169కి 147తో గెలిచెను. ఆ 1961-62 క్రీడాకాలమున ఆయన సగటు ఆట కొకటికి 50 పాయింట్లకు పైబడియుండెను. అట్టివానిని మించిన క్రీడాకారుడు ఆ యేట ఉండునా యని యెవరైనను అడుగుదురు. కాని ఆ కాలమున శ్రేష్ఠుని ఆటగాండ్రే యెన్నుకొనుచుండిరి. వారు ఎన్నుకొన్నది బిల్ రసెల్‌ను. రసెల్ ప్రధానముగా ఎదుటివారి విసరులను అడ్డుకొనువాడు, గుఱితప్పిన బంతిని పట్టి తనవారికి అందించువాడు. ఆయన ఆడిన 13 క్రీడాకాలములలో బోస్టన్ జట్టు 11 పర్యాయములు విజేత యయ్యెను. వింతయేమనగా, విసరును అడ్డుకొనుట యను పనిని ఆ దేశపు పట్టికలు 1973-74 వఱకు అధికారముగా లెక్కింపనే లేదు. రసెల్ 1969లోనే విరమించెను. ఆయన జీవితకాలపు ప్రధానకృత్యమునకు పట్టికలో గడియే లేకుండెను! చాంబర్లెయిన్ తక్కువవాడని మా యభిప్రాయము కాదు. ఎదుట నిలిచి దెబ్బతిన్నవారికి తెలిసినది పట్టికకు తెలియలేదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇప్పుడు పట్టికలు విశాలములైనవి. ఒకడు నిలిచియున్న కాలమున జట్టు ఎంత సంపాదించినది, ఎంత పోగొట్టుకొన్నది యని "ప్లస్ మైనస్" అను లెక్కను గూడ వేయుచున్నారు. మా బాలునికి ఆ లెక్క ప్రకారము తొమ్మిది రావలసియుండెను. అయినను ఇదియును పరమప్రమాణము గాదు. సమర్థులైన నలుగురి ప్రక్కన ఊరక నిలిచిన సోమరికిని అదే యంకె వచ్చును. అంకె ప్రశ్నను పుట్టించును. ఉత్తరము కొఱకు ఆటను మరల చూడవలెను, ఆడినవారిని అడుగవలెను.

మన నగరమునకు ఈ పాఠము క్రొత్తది గాదు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీము గూడ పాఠశాలోపాధ్యాయుడే. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. రహీము సాహెబు బంతిని కాళ్లయొద్ద నట్టిపెట్టుకొని విన్యాసములు చేయుటను నిషేధించి పోటీలు నడపెడువాడు. వాటమైన కాలితో తన్నరాదని నియమించి మఱికొన్ని పోటీలు నడపెడువాడు. ఒక్కని నేర్పునకు చప్పట్లు కొట్టు ప్రేక్షకుల కన్నులను గూడ ఆయన దిద్దదలచినట్లు మాకు తోచును. ఆయన శిక్షణమున మన దేశపు జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను; 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచెను.

1962లో జకార్తాలో జరిగినది మఱియు గమనింపదగినది. మొదటి యాటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడితిమి. ఆనాడే ఒక్కొక్కని గుణదోషములను తేల్చి తీర్పు చెప్పినవారు తరువాత నాలుక కఱచుకొని యుందురు. జట్టునకు వెనుకనుండి కాపుకాయు జర్నైల్ సింగునకు నడుమ నొక యాటలో తలకు గాయమై కుట్లు పడెను. రహీము ఆయనను ముందువరుసకు మార్చెను. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోటీలో 2-1తో గెలిచితిమి. మొదటి గోలు పి. కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగుది. ఆ గోలు పట్టికలో నున్నది. ఆయన స్థానమును మార్చిన బుద్ధికిని, ఆయన విడిచిన చోటును కాచిన కాళ్లకును అందు గడి లేదు. రహీము 1963 జూన్ 11న కాన్సరు వ్యాధిచే మరణించెను.

మేము సంస్కృతము చదివినవారము గనుక మా మనస్సు నాట్యశాస్త్రమువైపు మరలినది. భరతుడు ప్రయోగసిద్ధిని పరీక్షించుటకు ఒక్కనిని గాక పదివిధముల పరీక్షకులను కోరినాడు. యజ్ఞవిధి తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, శబ్దశాస్త్రజ్ఞుడు, రాజు, ధనుర్విద్య నెఱిగినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరికి తెలిసిన యంశమును వారే చూడవలెను. అంతకంటె సూక్ష్మమైన మాట మఱియొకటి గలదు. ప్రయోగమున కలుగు లోపములను ఆయన పుట్టుకనుబట్టి విభజించినాడు: దైవమువలన కలిగినవి, తనవలన కలిగినవి, పరులవలన కలిగినవి. వానవలన జాఱిపడినవానిని, సోమరియై పడినవానిని, ఎదుటివాడు త్రోయగా పడినవానిని ఒకే గాట కట్టరాదని దీని తాత్పర్యము. ఇంతటి వివేకము గ్రంథములలో నుండగా మేము ఎఱ్ఱసిరా పట్టుకొని తిరిగితిమి!

ఇప్పుడు మా పాఠశాలలో ఆట ముగిసిన పిమ్మట పాయింట్ల పట్టికతోబాటు ఒక పుస్తకము వ్రాయుచున్నాము. ఒక్కొక్కని పేరున నాలుగు ప్రశ్నలు. అతనికి అప్పగించిన పని యేమి? అందెంత నెఱవేర్చెను? అతనివలన తోటివాడు ఏమి చేయగలిగెను? తప్పు జరిగినచో అది యెక్కడనుండి వచ్చెను? మొదటి ప్రశ్నకు వ్యాయామోపాధ్యాయుడును, మూడవదానికి తోటి యాటగాండ్రును ఉత్తరము చెప్పుదురు. మఱియు, ఎదుటి జట్టు నాయకుని పిలిచి, మీకు ఎక్కువ చిక్కు కలిగించినవాడెవడని యడుగుచున్నాము. ఈ సాక్ష్యము తఱచుగా మమ్ము ఆశ్చర్యపఱచును. మేము తలచిన పేరు సగము పర్యాయములు వారి నోట రాదు. అందఱిని సమానముగా పొగడుట మా యుద్దేశము గాదు. పఱుగెత్తవలసినచోట నడచినవానిని నడచినాడనియే వ్రాయుదుము. కాని అది వ్రాయుటకు ముందు అతని కాలినొప్పి సంగతి విచారింతుము.

ఈ విచారము ఆటకు మాత్రమే సంబంధించినది గాదు. పరీక్షాఫలితములు వెలువడిన మఱునాడు ఈ నగరపు గోడలమీదను, పత్రికల మొదటి పుటలందును ర్యాంకులు వచ్చిన బాలుర ముఖములు నిండును. తక్కినవారు "ఉన్నరు, అంతే." పిల్లలు ఆ గోడలను చదివియే తీర్పు చెప్పుట నేర్చుకొనుచున్నారు. ప్రార్థన గంటకు ముందు మాకు ఉత్తరము చెప్పిన బాలుని తప్పేమున్నది? అతడు మేము నేర్పిన పాఠమునే అప్పగించినాడు. కావున మా తోటి యుపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లవాని పేరున కెదురుగా సున్న వేయుటకు ముందు, అతడు ఏమి చేయుచుండెనో అతనినే యొకమాటు అడుగుడు. దానికి పట్టెడు కాలము రెండు నిమిషములు.

మేము ఆ రెండు నిమిషములు ఆలస్యముగా వెచ్చించితిమి. నాటి పట్టిక ఇప్పటికిని మా బల్లసొరుగులో నున్నది. ఎఱ్ఱసిరా వ్రాతను కొట్టివేసి, "ఈ యాట ఇతనివలన గెలిచితిమి" అని దాని క్రింద వ్రాసితిమి. దానిని చదువవలసిన బాలుడు పరీక్షలు ముగించి పాఠశాల విడిచిపోయినాడు. లాడ్ బజారునకు పోయి చూపవలెనని యనుకొనుచున్నాము. ఇంకను పోలేదు.