ఇంగ్లీషు రాని ఇల్లాలు

సినిమా తీసి కన్నతల్లికి క్షమాపణ చెప్పుకున్న దర్శకురాలు ఒకావిడ వున్నారు. పేరు గౌరీ షిండే. ఊరు పుణె. తల్లి ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్మేవారు. వ్యాపారం చక్కగా నడుపుకున్న ఆ ఇల్లాలికి ఇంగ్లీషు ధారాళంగా రాదు. అందుకు చిన్నతనంలో తాను సిగ్గుపడేదాన్నని గౌరి పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ సిగ్గులోంచి పుట్టిందే 2012లో వచ్చిన ‘ఇంగ్లిష్ వింగ్లిష్’.

అంతకు ముందు ఆవిడ చాలాకాలం వ్యాపార ప్రకటనలు తీశారు. ప్రకటన అంటే మనకు చిన్నచూపే. అందులో ఆడదానికి సాధారణంగా రెండే పనులు: బట్టలు తెల్లగా ఉతకడం, తాను తెల్లబడడం! అయితే 2013లో తనిష్క్ నగల కోసం గౌరి తీసినదాన్ని చూడండి. చామనచాయ పెళ్ళికూతురు ముస్తాబవుతోంది. పక్కనే ఓ చిన్నపిల్ల. ఆ పిల్ల పెళ్ళికూతురి కూతురేనని మనకు కాసేపటికి గాని తెలియదు. అగ్నిహోత్రం చుట్టూ తిరిగేవేళ తానూ తిరుగుతానంటుంది. పెళ్ళికొడుకు ఎత్తుకుని తిప్పుతాడు. అంతే. మొదటి భర్త ఏమయ్యాడని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. నాటి రగడంతా పాఠంలో చెబుతుంటే మా విద్యార్థినులు ఆవులిస్తారు. ఈ ప్రకటన గురించి చెబితే మాత్రం చెవులు నిక్కించారు. నగలమ్ముకోవడానికే కదా అంటారా? నిజమే. కాని అమ్మేవాళ్ళు అందరూ ఇలా అమ్మడం లేదు.

ఇక శశి కథ. పుణెలో లడ్డూలు చేసి అమ్మే గృహిణి. లడ్డూలు చేయడానికే పుట్టిందని భర్త పదిమందిలో హాస్యమాడతాడు. తల్లి బడికి వస్తే కూతురికి తలవంపు. అక్క కూతురి పెళ్ళికని న్యూయార్క్ వెళ్ళి, నాలుగు వారాల ఇంగ్లీషు తరగతిలో రహస్యంగా చేరుతుంది. ఆ పాత్ర మన శ్రీదేవి. పదిహేనేళ్ళ విరామం తరువాత ఆమె వెండితెరకు తిరిగివచ్చిన చిత్రమది. హిందీలో తొలిరోజుల్లో ఆమె మాటలు మరొకరు పలికేవారు. అటువంటి నటి, మాట రాని ఇల్లాలి తడబాటును అంత సహజంగా చూపిందంటే ఆశ్చర్యమేముంది? 2018లో ఆమె పోయినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ‘పదహారేళ్ళ వయసు’ కాదు, ఈ శశే.

కారణం వుంది లెండి. ఇరవయ్యేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను, ఎమ్మే పట్టా గోడమీద వుంది. అయినా ఓసారి మా అమ్మాయి, “రేపు స్కూలుకి నువ్వు రాకమ్మా, నాన్న వస్తారులే” అంది. వాళ్ళ నాన్నగారి ఇంగ్లీషు నాకంటె గొప్పదేమీ కాదు. కాస్త గట్టిగా మాట్లాడతారు, అంతే! తరువాత ఒక ఆదివారం ఇద్దరం కలిసి ఈ సినిమా చూశాం. బడి ఘట్టం వచ్చేసరికి పిల్ల మంచినీళ్ళకని లేచి వెళ్ళింది. చాలాసేపు రాలేదు.

చిత్రంలో నాకు ఒప్పని సంగతి ఒకటుంది. చివర పెళ్ళిపందిట్లో శశి వచ్చీరాని ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడుతుంది. దంపతులు సమానులుగా మెలగాలంటుంది. భర్త, కూతురు తలవంచుకుంటారు. ఆ మాటలే ఆమె హిందీలో చెప్పివుంటే వాళ్ళు తలవంచుకునేవారా? గౌరవం ఇంగ్లీషులోంచే రావలసివచ్చింది కదా! ఈ అనుమానం దర్శకురాలికీ తట్టినట్టుంది. 2016లో తీసిన ‘డియర్ జిందగీ’లో కథానాయిక ఛాయాగ్రాహకురాలు. భాషతో చిక్కు లేదు, సంపాదన వుంది. అయినా రాత్రిళ్ళు నిద్ర పట్టదు. మనసు వైద్యుడి ఎదుట కూర్చుని తల్లిదండ్రులతో తనకున్న పాత లెక్కలన్నీ విప్పుకుంటుంది. చిక్కు వేరే చోట వుందన్నమాట.

‘ఇంగ్లిష్ వింగ్లిష్’లో మాత్రం పెళ్ళి తరువాత ఇంకొక్క ఘట్టం వుంది. తిరుగు ప్రయాణంలో విమానంలో శశి చక్కని ఇంగ్లీషులో న్యూయార్క్ పత్రిక కావాలంటుంది. మరుక్షణం మనసు మార్చుకుని, అదే ఇంగ్లీషులో, హిందీ పత్రిక వుందా అని అడుగుతుంది.