వియ్యపురాలి ముత్తాత పొలానికి

నెబ్రాస్కాలోని లింకన్ నగరం నుంచి బియాట్రిస్‌కి దక్షిణంగా వెళ్తుంటే దారి పొడుగునా మొక్కజొన్న, సోయా. మైలుకో అడ్డరోడ్డు. వెనకటి రోజుల్లో సర్వేవాళ్లు ఈ నేలను ఆరేసి మైళ్ల చదరాలుగా, అంటే టౌన్‌షిప్‌లుగా, ఒక్కో చదరాన్ని 36 సెక్షన్లుగా కొలిచారు. రోడ్లు ఆ గీతల మీదే వేశారు. సెక్షన్‌లో పావు వంతు 160 ఎకరాలు.

కారు నడుపుతున్నది మా వియ్యపురాలు, నెబ్రాస్కా ఆడపడుచు. నన్ను ‘వదినగారూ’ అని పిలవడం మా అమ్మాయే నేర్పింది. ఆవిడ ముత్తాత ఒహాయో నుంచి వచ్చి 1870ల్లో ఈ చుట్టుపక్కలే భూమి సంపాదించాడట. ‘‘మన మనవడికీ ఆయన తాతే కదా, వదినగారూ, మీరూ రండి’’ అంటే ఎలా కాదనను?

బియాట్రిస్ ఊరి పడమటనున్న హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్ దగ్గర ఆగాం. హోమ్‌స్టెడ్ చట్టం అమల్లోకొచ్చిన 1863 జనవరి 1నే డేనియల్ ఫ్రీమన్ దరఖాస్తు పెట్టుకున్న పొలం ఇది. అంతకు ముందు ఏడాది అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన ఆ చట్టం ప్రకారం ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు అక్కడే కాపురముండి, సాగు చేసి, ఇద్దరు సాక్షులను తెచ్చుకుంటే 160 ఎకరాలు సొంతం. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్లకు 1872 నుంచి ఆ సర్వీసు కాలాన్ని ఐదేళ్లలో తగ్గించారు. మా వియ్యపురాలి ముత్తాతకి కలిసొచ్చిందదే.

నెబ్రాస్కా పట్టా ఫైళ్లను అక్కడి కంప్యూటర్లో చూడొచ్చు. ముత్తాత పేరు కొడితే చేతిరాత కాగితాలు వచ్చాయి. గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చి కట్టిన ఇల్లు, ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక బావి, దున్నిన ఎకరాలు ఇన్ని. అచ్చం మా ఊరి కరణంగారి అడంగల్! అంతా చదివితే ఇల్లాలి గురించి ఉన్నది ‘భార్య, పిల్లలు’ అన్న ముక్క మాత్రమే. కిటికీలు లెక్కపెట్టినవాళ్లు ఆవిడ పేరు అడగలేదు.

1880 జనాభా లెక్కల్లో ఆవిడ పేరుంది, పుట్టింటి పేరు లేదు. 1890 లెక్కలు చూద్దామంటే, వాషింగ్టన్‌లో 1921లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు ఏమీ మిగల్లేదు. చివరికి ఆచూకీ దొరికింది సైనికుడి వితంతువుగా ఆవిడ పెట్టుకున్న పింఛను ఫైల్లో. నేషనల్ ఆర్కైవ్స్ నుంచి తెప్పించిన ఆ నకళ్లు మా వియ్యపురాలి సంచీలోనే ఉన్నాయి. పెళ్లి జరిగిందని రుజువు చేసుకోవాలి, పిల్లలు పుట్టిన తేదీలు చూపాలి, ఇరుగుపొరుగుచేత ప్రమాణ పత్రాలు రాయించాలి. కుటుంబ బైబిల్లో పుట్టుకలు రాసిపెట్టుకున్న కాగితం చింపి పంపింది పాపం. ఆ వయసులో ఆడమనిషిని అంత పీడించాలా అనిపించింది. కానీ ఆవిడ పుట్టింటి పేరు, పోయిన బిడ్డల పేర్లు ఇవాళ తెలిశాయంటే ఆ పీడన చలవే.

తర్వాత పొలం దగ్గరికి వెళ్లాం. ఇల్లూ లేదు, బావీ లేదు. వేరే ఎవరిదో మొక్కజొన్న. ఈ జిల్లాలో కొంత భాగం ఒకప్పుడు ఓటో-మిజూరియా తెగవాళ్ల రిజర్వేషన్ భూమి. 1881లో వాళ్లని ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. ఈ మాట వియ్యపురాలే చెప్పింది, దాచకుండా.

మీ మనవల అవతలి వైపు తాతముత్తాతలు ఈ రాష్ట్రంలో పట్టా పొందినవాళ్లయితే ఆ పార్క్‌కి తప్పక వెళ్లండి. ప్రవేశానికి టికెట్టు లేదు. పొలానికి వెళ్లేముందు పట్టాలోని సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు రాసుకోండి. అవి లేకపోతే పొలం దొరకదు.