హారన్ వినిపించని లోయ

వాహనాల రొద లేని రోడ్డును వెతుక్కుంటూ సైకిలిస్టులు స్పితికి వెళుతున్నారు. అదే రోడ్డు మీద నాలుగు వాహనాలు ఎక్కువ తిరగాలని స్థానికులు కోరుకోవడంలోనూ న్యాయముంది

ఉదయం ఆరు గంటలు. టాబో ఊరి చివర రోడ్డు మీద ఇంకా ఎండ పడలేదు. పక్కనే స్పితి నది బూడిద రంగులో పారుతోంది. సైకిల్ తొక్కేవారికి ఇక్కడ వినిపించేవి రెండే చప్పుళ్లు: గొలుసు తిరగడం, టైరు కింద కంకర నలగడం. ఎప్పుడో ఓ సైనిక ట్రక్కు, లేదంటే బఠానీ బస్తాలు ఎత్తుకున్న పికప్ వ్యాను ఎదురవుతుంది. అది మలుపు తిరిగి కంటపడటానికి చాలా ముందే ఇంజన్ శబ్దం కొండల్లో మోగుతుంది. పక్కకు తప్పుకోవడానికి, ఆగి నీళ్లు తాగడానికి, మళ్లీ బయల్దేరడానికి బోలెడంత సమయం. నగరంలో లారీల మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని సైకిల్ తొక్కేవారికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

ఈ ఖాళీ ఎంతటిదో అంకెలే చెబుతాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లా విస్తీర్ణం 13,841 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా కన్నా పెద్దది. 2011 జనాభా లెక్కల ప్రకారం తూర్పు గోదావరిలో 51 లక్షల పైచిలుకు మంది ఉంటే, ఇక్కడున్నది 31,564 మంది. అంటే చదరపు కిలోమీటరుకు ఇద్దరు. అదే లెక్కల్లో హైదరాబాద్ జిల్లా సాంద్రత 18 వేలు దాటింది. వానలు తెచ్చే రుతుపవనాలను దక్షిణాన ఉన్న కొండలే అడ్డుకోవడంతో లోయలో చెట్టు కనిపించడమే అరుదు. నది ఒడ్డున పచ్చని చేలు, వాటి పక్కన తెల్లటి మట్టి ఇళ్లు, ఆ పైన బోడి కొండలు.

లోయలోకి దారులు రెండు. మనాలీ నుంచి కుంజుమ్ కనుమ మీదుగా వచ్చేది ఒకటి. షిమ్లా, కిన్నౌర్ల మీదుగా సట్లెజ్ వెంట వచ్చేది రెండోది. సైకిలిస్టులకు రెండోదే మేలు. రాంపూర్ పరిసరాల్లో లారీల తాకిడి ఎక్కువ కాబట్టి చాలామంది సైకిల్‌ను బస్సు టాపు మీద వేసి రికాంగ్ పియో దాకా వచ్చి, అక్కడ పెడల్ మీద కాలు పెడతారు. అక్కడి నుంచి కాజా దాదాపు 200 కిలోమీటర్లు. టిబెట్ నుంచి వచ్చిన సట్లెజ్ ఖాబ్ దగ్గర స్పితి నదిని కలుపుకుంటుంది. వంతెన దాటగానే రోడ్డు వంకర్లు తిరుగుతూ 3,660 మీటర్ల ఎత్తున ఉన్న నాకో వరకూ ఎక్కుతుంది. వెయ్యి మీటర్లకు పైగా ఉండే ఈ ఎక్కుడులోనే ఎవరి ఊపిరి ఎంతో తేలిపోతుంది.

నాకో దాటి, మళ్లీ నది దగ్గరకు దిగి, సరిహద్దు పోస్టు ఉన్న సుమ్డో మీదుగా వెళితే టాబో. క్రీ.శ. 996లో కట్టిన ఇక్కడి బౌద్ధ ఆరామం బయటికి మట్టి గోడల గోదాములా ఉంటుంది. లోపల వెయ్యేళ్ల నాటి కుడ్యచిత్రాలు. ఫొటోలు తీయనివ్వరు కాబట్టి చూసినవారు కళ్లతోనే దాచుకోవాలి. ఆ తర్వాత ప్రధాన రోడ్డు వదిలి ఏడెనిమిది కిలోమీటర్లు పైకి తొక్కితే ఒకప్పుడు స్పితికి రాజధానిగా ఉన్న ధంకర్. కొండ కొమ్మున వేలాడుతున్నట్టుండే అక్కడి మఠం కింద స్పితి, పిన్ నదులు కలుస్తాయి. టాబో నుంచి నేరుగా కాజాకు 47 కిలోమీటర్లే. కారులో గంటన్నర, రెండు గంటల పని. సైకిల్ మీద మాత్రం నిండుగా ఒక రోజు.

ఆ నెమ్మదే ఇక్కడ ఆరోగ్య సూత్రం కూడా. కాజా ఎత్తు సుమారు 3,650 మీటర్లు. అరకు లోయకు నాలుగు రెట్లు. ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందే దానిలో దాదాపు మూడింట రెండొంతులే. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనీ, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవాలనీ పర్వత వైద్యులు చెబుతారు. మనాలీ నుంచి కారులో వచ్చేవారు ఒక్క పగటిలో 4,551 మీటర్ల కుంజుమ్‌ను దాటేసి, కాజాలో తలనొప్పితో మంచమెక్కుతారు. కిన్నౌర్ వైపు నుంచి తొక్కుకుంటూ వచ్చేవారి ఒంటికి అలవాటు పడే వ్యవధి దారిలోనే దొరుకుతుంది.

రోజు ఎలా గడవాలో కూడా లోయే నిర్ణయిస్తుంది. తెల్లవారగానే బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఊరు చేరడం మంచిది. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది, ఎదురుగాలిలో చదును రోడ్డు కూడా కొండలా మారుతుంది. ఎండకు మంచు కరిగి, ఉదయం చీలమండ దాకా ఉన్న వాగు మధ్యాహ్నానికి మోకాళ్లు దాటుతుంది. కొండ మీది రాళ్లు దొర్లేదీ ఎక్కువగా ఆ వేళలోనే.

నిజంగా నిశ్శబ్దం కావాలనుకునే వారికి ప్రధాన రోడ్డు కన్నా పక్కదారులే మేలు. అత్తర్గూ దగ్గర వంతెన దాటి పిన్ నది వెంట వెళ్లే రోడ్డు 30 కిలోమీటర్లకు పైగా సాగి ముద్ గ్రామం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత కాలిబాటలే. ఈ రోడ్డు మరో ఊరికి అడ్డదారి కాదు కాబట్టి ముద్‌లో పని ఉన్నవారే దాని మీదికి వస్తారు. సగం దారిలో ఆగి వెనక్కి చూస్తే, గంట క్రితం దాటొచ్చిన గొర్రెల మంద తప్ప కదిలేదేదీ కనిపించదు.

అయితే ఈ నిశ్శబ్దం ఎవరూ పనిగట్టుకుని కాపాడినది కాదు. టిబెట్ సరిహద్దు కావడంతో 1990ల తొలినాళ్ల దాకా స్పితిలోకి విదేశీయులను రానివ్వలేదు. కిన్నౌర్ నుంచి స్పితిలోకి సాగే సరిహద్దు మార్గానికి ఇప్పటికీ వారికి అనుమతి పత్రం తప్పనిసరి. కుంజుమ్ కనుమను మంచు ఏడాదిలో సగానికి పైగా మూసేస్తుంది. చలికాలంలో లోయకు కిన్నౌర్ దారే దిక్కు. కొండచరియ విరిగిపడితే అదీ ఉండదు. వచ్చేవారికి ప్రశాంతతగా అనిపించేదే అక్కడుండేవారికి ఒంటరితనం. కాన్పు కష్టమైతే పెద్దాసుపత్రి కోసం రాంపూర్‌కో షిమ్లాకో పరుగెత్తాలి. వేసవిలో, మైదానాల్లో పచ్చి బఠానీ కరువైన వేళ మంచి ధర పలికే స్పితి బఠానీ, రోడ్డు రెండు రోజులు మూతపడితే బస్తాల్లోనే మగ్గిపోతుంది.

కిబ్బర్ పక్కనున్న చిచమ్ గ్రామం ఇందుకు సాక్ష్యం. రెండు ఊళ్ల మధ్య నిట్టనిలువు లోతున్న లోయ. 2017లో వంతెన వచ్చేవరకూ చిచమ్ వాసులు తీగ మీద వేలాడే తొట్టెలో కూర్చుని, తాడు లాక్కుంటూ ఇవతలికి వచ్చేవారు. ఇప్పుడు సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ వంతెన మీద పర్యాటకులు సెల్ఫీలు దిగుతున్నారు. సైకిలిస్టులకూ అది వరమే. కాజా నుంచి కీ మఠం, కిబ్బర్, చిచమ్‌ల మీదుగా లోసర్ వైపు వెళ్లే దారి దొరికింది. వంతెన రాకముందు లోయ మరింత నిశ్శబ్దంగా ఉండేదని నిట్టూర్చే యాత్రికుడు ఒక్కసారి ఆ తొట్టెలో కూర్చుని చూడాల్సింది.

మార్పు ఇప్పుడు వేగంగానే వస్తోంది. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం మనాలీ నుంచి లాహౌల్‌కు రోహ్తాంగ్ ఎక్కే బాధ తప్పించింది. స్పితికీ ఆ మేరకు దారి దగ్గరైంది. సుమ్డో-కాజా-గ్రాంఫూ రోడ్డును విస్తరించే పనిలో సరిహద్దు రహదారుల సంస్థ ఉంది. సరిహద్దు గ్రామాలు ఖాళీ కాకుండా చూసేందుకు 2023లో కేంద్రం ఆమోదించిన వైబ్రంట్ విలేజెస్ పథకంలో హిమాచల్ కూడా ఉంది. పిన్ లోయ, చంద్రతాల్, కిబ్బర్ ప్రాంతాలతో కూడిన శీతల ఎడారి జీవావరణ కేంద్రం 2025 సెప్టెంబర్‌లో యునెస్కో జాబితాకెక్కింది. ఒక చేత్తో రోడ్డు వేస్తూ రెండో చేత్తో ప్రకృతిని కాపాడుతానంటున్న ప్రభుత్వానికి ఈ లోయ ఒక పరీక్షే.

లోయ మోయగలిగే బరువుకు హద్దుందని 2023 జూలై గుర్తుచేసింది. భారీ వర్షాలు, అకాల మంచుతో చంద్రతాల్ దగ్గర దాదాపు 300 మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. కుంజుమ్ మీది మంచును తొలగించి వారిని బయటికి తెచ్చేందుకు యంత్రాంగంతో పాటు స్థానికులూ శ్రమించారు. వచ్చినవారి సంఖ్య పెరిగేకొద్దీ ఆపదలో ఆదుకోవలసిన బరువు కూడా ఆ కొద్దిమంది భుజాల మీదే పడుతుంది.

రోడ్డు వద్దనడం ఎంత అన్యాయమో, వచ్చిన రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరిగినా పట్టించుకోకపోవడం అంతే తప్పు. నియంత్రణ ఈ కొండలకు కొత్తేమీ కాదు. రోహ్తాంగ్ మంచు పొగచూరిపోతోందని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో అక్కడికి వెళ్లే పర్యాటక వాహనాలను రోజుకు 1,000కి పరిమితం చేసింది. చంద్రతాల్ దగ్గర బండ్లు సరస్సుకు దూరంగానే ఆగిపోవాలి. అంబులెన్సుకూ బఠానీ వ్యానుకూ ఉన్న అవసరం, రీలు తీసుకోవడానికి వచ్చే పదో కారుకు లేదు. ఆ తేడా గుర్తిస్తే చాలు, ఊరికి రోడ్డు ఉంటుంది, లోయకు ఊపిరీ ఉంటుంది.

సైకిలిస్టు మహాత్ముడేమీ కాదు. చండీగఢ్ వరకూ విమానంలో వచ్చేవారే ఎక్కువ. నీటి కటకట ఉన్న ఊళ్లో వేడి నీళ్ల స్నానం అడిగేవారిలో అతనూ ఉంటాడు. కానీ అతని బలహీనతే లోయకు కలిసొస్తుంది. కారు ఒక్క పూటలో దాటేసే చోట అతను రెండు రాత్రులు పడుకోవాలి. ఊరూరా ఆగి తినాలి. కాజాలో 'ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన' రిటైల్ బంకుగా పేరుబడిన పెట్రోలు బంకును అతను చూడకుండానే దాటిపోతాడు. పక్క వీధిలోని చిన్న హోటల్లో మాత్రం రెండో పళ్లెం తుక్పా అడుగుతాడు. అతని ఇంధనం ఖర్చు మొత్తం ఊరి వంటిళ్లకే చేరుతుంది.

ముద్‌లో సాయంత్రం అయింది. రోడ్డు ఆగిపోయిన చోట సైకిల్ గోడకు ఆనించి ఉంది. చేలో పని ముగించుకున్న ఆడవాళ్లు గంపలతో ఇళ్లకు మళ్లుతున్నారు. దూరంగా ఇంజన్ శబ్దం వినిపిస్తే ఊరు ఊరంతా అటు చూస్తుంది. సైకిలిస్టు ముఖం చిట్లిస్తాడు. ఊరివాళ్లు ఎవరొచ్చారా అని ఆశగా చూస్తారు. వచ్చేది సాయంత్రం బస్సు.