నలువది నిమిషముల విమర్శ

అమెరికాలోని ఉన్నత పాఠశాలలలో ఏ.పి. ఆంగ్లభాషా తరగతి యొకటి కలదు. దాని పరీక్షయందు వ్రాయవలసిన మూడు వ్యాసములలో నొకటి ప్రసంగవిమర్శ. ఒక యుపన్యాసమునో లేఖనో చదివి, కర్త తన పలుకులచే శ్రోతల మనసు నెట్లు త్రిప్పజూచెనో తెలుపవలయును. దీనికి సూచింపబడిన కాలము 40 నిమిషములు. అచ్చటి తెలుగు బిడ్డలును గడియారము ముందిడుకొని దీని నభ్యసించుచున్నారు.

తొందరలో పలువురు ఇది ఉపమ, ఇది పునరుక్తి యని పేర్లు వ్రాసి విరమింతురు. పేరు చెప్పిన మాత్రమున విమర్శ కాదు. 6 మార్కులలో 4 ఆధారములకును వాని వివరణమునకును గలవు. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుడు కౌరవసభలో మొదట ధృతరాష్ట్రునితోనే మాటలాడెను. కుమారుని వారించు భారము తండ్రిదని సభ యెల్ల నెరుగవలెనని యట్లు చేసెనని చూపినచో నది విమర్శ.

కావున తల్లులు మొదట గడియారమును ప్రక్కకు దీసి, ఒక్క వాక్యము నిచ్చి, "ఎవరితో పలికెను? ఏమి కోరి పలికెను? ఇట్లే యేల పలికెను?" అని యడుగవలయును. ఈ మూడును అలవడిన పిదప గడియారమును తిరిగి పెట్టినను బిడ్డలకు భయ ముండదు. పరీక్ష యొక్కనాటిది. తీపిమాటల వెనుక కోరికను గుర్తించు నేర్పు, ప్రకటనలు చదువునాడును ఓటు వేయునాడును వారిని గాచును.